తిన్నగా పట్టుకున్న స్టీరింగు

ఇక మీరు బండి నడపకూడదని కళ్ళ డాక్టరమ్మ చెప్పిన రోజు, డ్రైవరుగారు బయటికి వచ్చి కారు తాళాలు భార్య చేతిలో పెట్టాడు. ఆమెకు సైకిలు తొక్కడం కూడా రాదు. ఇద్దరూ ఆసుపత్రి మెట్ల మీద కాసేపు నిలబడి, ఆ తాళాల వంక చూసి, చివరికి బస్సెక్కి ఇంటికొచ్చారు. కారును మర్నాడు ఆమె తమ్ముడు వెళ్ళి తీసుకొచ్చాడు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సు నడిపిన మనిషాయన. రిటైరై ఏళ్ళు గడిచినా వీధిలో చిన్నా పెద్దా అంతా డ్రైవరుగారనే పిలుస్తారు. ఒక కంటికి పక్కచూపు పూర్తిగా పోయిందనీ, మిగిలింది నిలబెట్టుకోవాలంటే రోజూ చుక్కలమందు వేసుకోవాలనీ, పోయింది మాత్రం తిరిగి రాదనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆయన విన్నాడు, తలూపాడు. ఇంటికొచ్చాక మాత్రం కొన్నాళ్ళపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పొద్దున్నే లేచి కారు తుడిచేవాడు. ఎక్కడికీ వెళ్ళని కారును అద్దంలా మెరిసేదాకా తుడిచి, తాళం వేసి, వచ్చి కూర్చునేవాడు.

ఆయన భార్యను అందరూ టైలరమ్మ అంటారు. ముందుగదిలో రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, మేకుకు వేలాడే టేపులు, ఎంత ఊడ్చినా నేలను వదలని దారప్పోగులు. అదీ ఆమె రాజ్యం. పక్క ఊళ్ళోని పెద్దాసుపత్రి నర్సుల యూనిఫారాలన్నీ ఆమే కుడుతుంది. వారానికోసారి వాటిని మూటకట్టి ఆసుపత్రికి చేర్చాలి. ఇన్నాళ్ళూ ఆ పని డ్రైవరుగారిది. ఇప్పుడు ఆ మూటను బస్సెక్కిద్దామంటే కండక్టరు ఎక్కనివ్వడు. ఒక వారం తమ్ముడు తీసుకెళ్ళాడు. రెండో వారం విసుక్కుంటూ తీసుకెళ్ళాడు. మూడో వారం ఫోనెత్తలేదు. టైలరమ్మ ఆ సాయంత్రమే మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని వెళ్ళి, డ్రైవింగు స్కూల్లో పేరు రాయించుకొచ్చింది.

ఈ వయసులో నీకెందుకక్కా అని తమ్ముడు నవ్వాడు. డ్రైవరుగారు నవ్వలేదు గానీ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ మిషను తొక్కుతున్న కాలికి బ్రేకు తొక్కడం ఒక లెక్కా అని ఆమె ఇద్దరికీ కలిపి ఒకటే సమాధానం చెప్పింది.

నేర్పే ఆయన్ని ఊరంతా నిదానం మాస్టారంటారు. బక్కపల్చటి మనిషి. క్లచ్చు వదలడం దగ్గర్నుంచి ఫీజు కట్టడం దాకా దేనికైనా ఆయన నోటివెంట వచ్చే మొదటిమాట నిదానం. ఒక్క విషయంలో మాత్రం ఆయన ఆ నిదానాన్ని పక్కన పెట్టేసేవాడు. ఆ ఊరి నుంచి ఎటు వెళ్ళాలన్నా అడవి దాటాలి. అడవి నిండా జింకలు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా జింకను తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్నారన్న మాట తన చెవిన పడకూడదని ఆయన పట్టుదల.

అందుకని ఊరి చివర ఖాళీ స్థలంలో ఒక పెద్ద అట్టపెట్టెకు తాడు కట్టి ఉంచేవాడు. టైలరమ్మ కారు నడుపుకుంటూ వస్తుంటే, పొద చాటున కూర్చుని ఆ పెట్టెను ఉన్నట్టుండి దారికి అడ్డంగా లాగేవాడు. పెట్టెను చూడగానే ఆమె చేతులు వాటంతటవే స్టీరింగును పక్కకు తిప్పేసేవి. మాస్టారు దగ్గరికొచ్చి, ఇప్పుడు మీరు కాలవలో ఉన్నారమ్మా అనేవాడు. మళ్ళీ లాగేవాడు. ఆమె రెండోవైపు తిప్పేది. ఇప్పుడు ఎదురొచ్చే లారీ కింద ఉన్నారు అనేవాడు.

"చూస్తూ చూస్తూ దాన్ని ఎలా గుద్దమంటారు మాస్టారూ?" అని ఒకరోజు ఆమె ఏడుపుగొంతుతో అడిగింది.

"గుద్దమనడం లేదమ్మా, ఆగమంటున్నాను. బ్రేకు మీద నిలబడండి. స్టీరింగు మాత్రం తిన్నగా పట్టుకోండి. ఆగగలిగితే అదీ బతుకుతుంది, మీరూ బతుకుతారు. ఆగలేకపోతే బండికి దెబ్బ తగులుతుంది. బండిదేముంది, బాగుచేయించుకోవచ్చు."

ఇంకా చాలా చెప్పాడాయన. జింకలు రోడ్డెక్కేది ఎక్కువగా తెల్లవారే ముందూ, పొద్దు వాలేటప్పుడూనట. ఒకటి దాటిందంటే పని అయిపోయినట్టు కాదు, దాని వెనక ఇంకోటి రావడానికి సిద్ధంగా ఉందనుకోవాలట. చెట్ల మధ్య చిన్న చిన్న మెరుపులు జంటగా కనిపిస్తే అవి కళ్ళేనని తెలుసుకోవాలట. పెద్దలైటు ముఖాన పడితే జింక బిగుసుకుపోయి నిలబడుతుంది కాబట్టి, లైటు తగ్గించి, వేగం తగ్గించి, హారను కొట్టాలట. వెనక బండివాడు ఎంత తొందరపెట్టినా ఆ దారిలో మాత్రం యాక్సిలరేటరు మీద కాలు బిగించకూడదట. టైలరమ్మ కాలర్లు కుడుతూ ఇవన్నీ పెదాలతో వల్లెవేసుకునేది. అట్టపెట్టె పీలికలైపోయి, మాస్టారు ఇంకో పెట్టె తెచ్చి, అది కూడా సగం నలిగాక, ఒకరోజు ఆమె చేతులు తిరక్కుండా ఆగాయి. కారు పెట్టె ముందు తిన్నగా నిలబడింది. మాస్టారు పొద చాటు నుంచి లేచి, ప్యాంటుకు అంటిన ఆకులు దులుపుకుంటూ, ఇక నేను నేర్పేదేమీ లేదమ్మా అన్నాడు.

లైసెన్సు వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. అది పక్క సీట్లో కూర్చుని ఉండేది. ఆమె వద్దన్నా డ్రైవరుగారు ప్రతి వారం తోడు బయల్దేరేవాడు. తన కాళ్ళ దగ్గర లేని బ్రేకును తొక్కుతూ, గేరు అని ఒకసారి, అద్దం అని ఒకసారి, ఆ సైకిలువాణ్ణి చూడు అని ఇంకోసారి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. మొదట్లో ఆమెకు తలప్రాణం తోకకొచ్చేది. తర్వాత్తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. ఆయన ఏమన్నా ఊఁ అనడం, తను చేయవలసింది తను చేయడం.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం ఊఁ అనడం కుదరలేదు. దాన్ని మళ్ళీ కట్టాల్సిన రోజులొచ్చినప్పుడు, ఈసారి ఫుల్ ఇన్సూరెన్సు కట్టమని ఆమె అడిగింది. పాతబండికి అంత అవసరమా అని ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఎదుటివాడికి నష్టం జరిగితే ఇచ్చే థర్డ్ పార్టీ ఒక్కటి చాలు, మన బండికి మనమే గీత పడకుండా చూసుకోవాలి, ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఒక్క గీత పెట్టానా అన్నాడు. గీత పెట్టనిది మీరు, ఇప్పుడు నడిపేది నేను అని ఆమె అంది. అడవిలో జింక వచ్చి గుద్దుకుంటే థర్డ్ పార్టీ ఏం పనికొస్తుంది, జింక వచ్చి నష్టపరిహారం అడుగుతుందా అని కూడా అంది. ఆయన ముఖం గంటు పెట్టుకుని ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, కట్టేశాను అని ఒక్క ముక్క చెప్పి చుక్కలు వేసుకుని పడుకున్నాడు. ఆయన మంకుపట్టు తెలిసిన మనిషి కాబట్టి, ఆయన అనుకున్న థర్డ్ పార్టీయే కట్టి వచ్చాడని ఆమె అర్థం చేసుకుంది. రెట్టించి అడగలేదు.

ఇదంతా జరిగిన కొద్దిరోజులకు ఒక సాయంత్రం వాళ్ళిద్దరూ ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నారు. మామూలుగా అయితే ఎండ ఉండగానే అడవి దాటేసేవాళ్ళు. ఆ రోజు హెడ్ నర్సు, అందరూ నర్సుల పెద్దమ్మ అనే ఆవిడ, కొత్తగా చేరిన అమ్మాయిల కొలతలు తీసుకోమని పట్టుబట్టింది. ఒక్కొక్కరూ డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చి, చేతులు చాపి కొలతలిచ్చి, మళ్ళీ పరుగెత్తేసరికి పొద్దు వాలింది. కారు అడవిలోకి వచ్చేసరికి చెట్ల నీడలు రోడ్డు మీద కలిసిపోయి, చీకటీ కాని వెలుతురూ కాని వేళయింది.

టైలరమ్మ వేగం తగ్గించింది. ఇలా నడిపితే రేపటికి చేరతాం అని డ్రైవరుగారు సణిగాడు. ఆమె ఊఁ అంది. కొంచెం దూరం పోయాక ముందు ఒక జింక రోడ్డు మీదికి వచ్చింది. తలెత్తి చూసి, తొందరేమీ లేనట్టు దాటి చెట్లలోకి వెళ్ళిపోయింది. ఆమె కారు ఆపేసింది. పోయిందిగా, ఇక పద అన్నాడాయన. ఆమె కదల్లేదు. ఆయన ఇంకోసారి పద అనేలోపు పొదలు కదిలి రెండు ఆడజింకలు, వాటి వెనక ఒక పిల్ల, ఒకదాని తర్వాత ఒకటి దాటాయి. చివరి పిల్ల రోడ్డు మధ్యలో నిలబడి కారు వంక చూసి, ఒక్క గెంతుతో మాయమైంది. డ్రైవరుగారు గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ఆ తర్వాత చాలాసేపు గేరు గురించి గానీ అద్దం గురించి గానీ మాట్లాడలేదు.

అడవి అయిపోవస్తోంది. కల్వర్టు దగ్గర రోడ్డు కాస్త వంపు తిరుగుతుంది. ఎదురుగా ఒక లారీ లైట్లు వేసుకుని వస్తోంది. సరిగ్గా అప్పుడు డ్రైవరుగారి వైపు నుంచి, పక్కచూపు పోయిన ఆ కంటి వైపు నుంచే, ఏదో మసక ఆకారం గాల్లోకి లేచినట్టయింది. టైలరమ్మకు కొమ్ములు కనిపించాయి. ఆమె కాలు బ్రేకు మీద పడింది. అది కళ్ళెదుటికి వచ్చిన ఆ క్షణంలోనే ఆయన పక్కనుంచి చెయ్యి చాపి స్టీరింగును లారీ వైపుకు లాగబోయాడు. బస్సు నడిపిన చెయ్యి, బలమైన చెయ్యి. ఆమె మోచేత్తో దాన్ని ఒక్క తోపు తోసింది. రెండు చేతులతో స్టీరింగును తిన్నగా బిగించి పట్టుకుంది. ఉన్న బలమంతా కాలి మీదికి తెచ్చి నిలబడింది.

ధబ్బుమని ఒక చప్పుడు. లైటు అద్దం చిట్లింది. కారు కుదుపుతో ఆగింది. లారీ హారను మోగించుకుంటూ వాళ్ళను ఒరుసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. ఆ గాలికి కారు ఊగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

టైలరమ్మ తలెత్తి ముందుకు చూసింది. చూస్తుండగా ముందు రోడ్డు మీద పడివున్న జింక కాళ్ళు కూడదీసుకుని లేచింది. ఒక్క క్షణం తూలింది. ఒళ్ళు విదిలించుకుని, ఏమీ తెలియనట్టు రోడ్డు దాటి చెట్లలోకి నడిచిపోయింది.

"దెబ్బ తగిలిందా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. ఇద్దరికీ తగల్లేదు. సీటుబెల్టు కోసుకుని ఆయన భుజం మంట పుడుతోంది, అంతే. ఆమె చేతులు స్టీరింగును వదలనంటున్నాయి. ఒక్కో వేలూ విడదీసుకోవలసి వచ్చింది.

కల్వర్టు పక్కన కాస్త జాగా ఉంది. కారును మెల్లగా అక్కడికి జరిపి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి కిందికి దిగారు. ఒక హెడ్‌లైటు పగిలిపోయింది. బంపరు వంగి వేలాడుతోంది. బానెట్టు మడతపడింది. కింద నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. డ్రైవరుగారు చూసి చూసి, ఏమీ తోచక, వెనక సీట్లోంచి తుడిచే గుడ్డ తీసి బంపరు తుడవబోయాడు.

"తుడవకండి" అంది ఆమె. "జింక తగిలిందని చూసేవాళ్ళకు తెలియాలి. అలాగే ఉంచండి."

వంగి చూస్తే పగిలిన హెడ్‌లైటు అంచున గట్టి గోధుమరంగు వెంట్రుకలు గుత్తిగా ఇరుక్కుని ఉన్నాయి. ఆమె ఫోను తీసి వాటిని, బంపరును, రోడ్డు మీది టైరు గీతలను ఫోటోలు తీసింది. గీతలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. డ్రైవరుగారు గుడ్డ చేతిలో పట్టుకుని ఆ గీతల వంకే చూస్తూ నిలబడిపోయాడు.

ఆమె ఫోను చేసిన కాసేపటికి ఫారెస్టు గార్డు మోటారుసైకిలు మీద వచ్చాడు. టార్చి వేసి గిట్టల గుర్తులు వెతికి, చెట్లలోకి కొంతదూరం వెళ్ళొచ్చాడు. నెత్తురు చుక్క కూడా లేదనీ, గిట్టలు సమంగానే పడ్డాయనీ, తెల్లవారాక మళ్ళీ వచ్చి చూస్తాననీ చెప్పాడు. ఈ వంపు దగ్గర ఇలాంటివి చాలా చూశాననీ, చాలామంది పక్కకు తిప్పి కాలవలో పడుతుంటారనీ, మీరు అదృష్టవంతులనీ అన్నాడు. జరిగింది ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి టైలరమ్మకిచ్చాడు.

కారును లాక్కెళ్ళే వ్యాను వచ్చేసరికి చీకటి పడింది. వ్యాను ముందు సీట్లో వ్యానువాడితో కలిపి ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. టైలరమ్మకు ప్రాణాలు దక్కాయన్న సంతోషం ఒకవైపు ఉంది. దాని పక్కనే ఇంకో బెంగ వచ్చి కూర్చుంది. బానెట్టు, లైటు, బంపరు, లోపల ఇంకేం పోయిందో తెలియదు. థర్డ్ పార్టీలో ఇవేవీ రావు. ఎన్ని యూనిఫారాలు కుడితే ఈ కారు మళ్ళీ రోడ్డెక్కుతుంది? అప్పుడే చెప్పానా లేదా అని ఒక్క మాట అనవచ్చు. కానీ పక్కన ఆయన ఒళ్ళో చేతులు పెట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా కూర్చుని ఉన్నాడు. ఆ ముఖం చూస్తే ఆమెకు నోరు రాలేదు.

ఇంటికొచ్చి, టీ పెట్టి, ఒక గ్లాసు ఆయన ముందుంచి తనూ కూర్చుంది. "రిపేరు గురించి మీరేం బెంగపెట్టుకోకండి" అంది. "మెల్లగా కుట్టి కట్టేస్తాను. ఆసుపత్రివాళ్ళు కర్టెన్లు కూడా అడుగుతున్నారు."

డ్రైవరుగారు గ్లాసు ఎత్తాడు, దించాడు. చివరికి బల్ల వంక చూస్తూ, "ఫుల్లే కట్టాను" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఏం కట్టారు?"

"ఫుల్ ఇన్సూరెన్సే కట్టాను. తక్కువది కట్టేద్దామనే వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి, బండి ఎవరు నడుపుతారండీ అని అడిగింది. మా ఆవిడ అన్నాను. ఏ దారిలో వెళ్తుంటారు అంది. అడవి దారి అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాక, తక్కువది కట్టడానికి మనసొప్పలేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"అంత గొడవ చేసి వెళ్ళి, వచ్చి నువ్వు చెప్పిందే చేశానని చెప్పమంటావా?"

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆగకుండానే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ రెండూ కలిసి ఆమెను కాసేపు ఊపి ఊపి వదిలాయి. కుర్చీలో వెనక్కి వాలింది. ఆయన కంగారుపడి లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగి, ఇంకెప్పుడైనా నా మాట వింటే ఆ రోజే చెప్పండి, ఇన్ని రోజులు దాచొద్దు అంది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. అక్కను అటూ ఇటూ తిప్పి చూసి, దెబ్బలేమీ లేవని నమ్మకం కుదిరాక, కూర్చుని సలహాలు మొదలుపెట్టాడు. ఇన్సూరెన్సువాళ్ళు సవాలక్ష అడుగుతారనీ, నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్న మనిషి నడిపిందంటే తప్పంతా నడిపినవాళ్ళదేనని తోసేస్తారనీ, బావగారే నడిపారని చెబితే ఆయన సర్వీసు చూసి నోరెత్తరనీ అన్నాడు. అక్క భర్త వంక చూసింది. డ్రైవరుగారు మాత్రం తలెత్తి బావమరిది వంక ఒక్క చూపు చూశాడు. తమ్ముడు మిగతా సలహాలు మింగి, టీ తాగి, పనుందని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కారు పెట్టిన రిపేరు షెడ్డుకు, నష్టం అంచనా కట్టే ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు. కళ్ళద్దాల కుర్రవాడు. మెకానిక్కు బానెట్టు ఎత్తి పట్టుకుంటే లోపలికి తొంగిచూసి, కారు చుట్టూ తిరిగి, ఏవో రాసుకున్నాడు. జింక తగిలిందని చెప్పి గోడకు గుద్దినవాళ్ళు కూడా వస్తుంటారండీ అని నవ్వుతూనే అన్నాడు గానీ, కళ్ళు మాత్రం వెతుకుతూనే ఉన్నాయి. హెడ్‌లైటు అంచున వెంట్రుకలు కనబడగానే ముఖం విప్పారింది. చాలామంది కడిగి తీసుకొస్తారు, మీరు మంచిపని చేశారు అన్నాడు. తర్వాత కలం తీసి, బండి ఎవరు నడిపారని అడిగాడు.

టైలరమ్మ నోరు తెరిచేలోపే డ్రైవరుగారు ఒక అడుగు ముందుకొచ్చాడు.

"మా ఆవిడ నడిపింది. నేను పక్కన కూర్చుని స్టీరింగు లాగబోయాను. ఎదురుగా లారీ వస్తోంది. తను నా చెయ్యి తోసేసి తిన్నగా ఆపింది. నేనే నడుపుతూ ఉంటే తిప్పి ఉండేవాణ్ణి బాబూ. మీరిప్పుడు ఈ షెడ్డుకు కాదు, ఇంకెక్కడికో వచ్చేవాళ్ళు."

మెకానిక్కు బానెట్టు కడ్డీ తగిలించడం మరిచిపోయి చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒకరి ముందు భార్యను ఇలా మెచ్చుకోవడం టైలరమ్మ వినలేదు. ఏం చేయాలో తోచక, బ్యాగులోంచి ఫోను తీసి టైరు గీతల ఫోటో సర్వేయరుకు చూపించింది. అతను దాన్ని పెద్దది చేసి చూసి, ఈ గీతలు చూస్తే చాలండీ అన్నాడు. ఫోటోలన్నీ తనకు పంపమన్నాడు. గార్డు కాగితం కూడా తీసుకుని, తను రాసేది రాసి పంపుతాననీ, జవాబు ఆఫీసు నుంచి వస్తుందనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో టైలరమ్మ ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడి కుట్టు వంకర చేసింది. మొదట వచ్చిన ఫోను గార్డుది. కల్వర్టుకు అవతల పచ్చికలో మంద మేస్తుంటే చూశాననీ, మీ జింక కాలు కాస్త ఈడుస్తోంది గానీ మేత బాగానే మేస్తోందనీ చెప్పాడు. అది అదేనని ఎలా తెలుసని ఆమె అడిగింది. ఒక పక్క బొచ్చు చేతి వెడల్పున ఊడిపోయి ఉందట. ఆమె ఫోను పెట్టేసి మిషను ముందు నుంచి లేచి వెళ్ళి ఆ మాట భర్తకు చెప్పింది. ఆయన చుక్కలు వేసుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. మూసుకునే నవ్వాడు.

ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ఫోను తర్వాత వచ్చింది. ఆమె ఒక చేత్తో యూనిఫారం జేబుగుడ్డ సూదికింద అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించి వింది. క్లెయిము ఒప్పుకున్నారు. రిపేరు డబ్బు కంపెనీయే నేరుగా షెడ్డుకు కడుతుంది. నియమం ప్రకారం ఖర్చులో మొదటి కొంచెం మాత్రం వీళ్ళు పెట్టుకోవాలి. అంత కొంచెమేనా అని ఆమె రెండుసార్లు అడిగింది. అవతలి అమ్మాయి రెండుసార్లూ ఓపిగ్గా అవునంది. టైలరమ్మ ఫోను దించి, సూది కింద ఉన్న జేబును వంకర లేకుండా కుట్టేసింది.

కారు బాగుపడి వచ్చాక నిదానం మాస్టారు చూడటానికి వచ్చాడు. సంగతంతా విని, కొత్త బంపరును వేలితో తట్టి, ఇక నుంచి తన దగ్గరికొచ్చే ప్రతివాడికీ ఈ కథ చెబుతానన్నాడు. డ్రైవరుగారు ఆయన్ని కూర్చోబెట్టి, అట్టపెట్టె గురించి వివరంగా అడిగి తెలుసుకున్నాడు. తాడు ఎంత పొడవు, ఎంత దూరం నుంచి లాగాలి, అన్నీ.

ఆ వారం యూనిఫారాల మూట మళ్ళీ కారెక్కింది. ఈసారి పొద్దున్న బయల్దేరారు. ఎండ చెట్ల మీదికి బాగా ఎక్కాక అడవిలోకి వచ్చారు. వెనక ఒక వ్యానువాడు హారను మీద హారను కొడుతుంటే, టైలరమ్మ పక్కకు జరిగి వాడికి దారిచ్చింది. కల్వర్టు దగ్గర ఇంకా నెమ్మది చేసి దాటింది. కొంతదూరం పోయాక, పక్కనుంచి ఏ మాటా రాకపోవడం గమనించింది. అలిగాడేమోనని తిరిగి చూస్తే, డ్రైవరుగారు తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. ఇంకొకరు నడిపే బండిలో కునుకు తీయగా ఆమె ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

ఆమె రేడియో కట్టేసింది. గతుకులు వచ్చిన చోటల్లా మెల్లగా దించి మెల్లగా ఎక్కిస్తూ పక్క ఊరు చేరింది. ఆసుపత్రి ఆవరణలో నీడ చూసి కారు ఆపింది. కిటికీలు కొంచెం దించి, తలుపు చప్పుడు కాకుండా మూసి, మూట తనే తలకెత్తుకుని లోపలికి నడిచింది.

నర్సుల పెద్దమ్మ ఎదురొచ్చి మూట దింపుకుంటూ, ఒక్కరే మోసుకొచ్చారేం, సారు రాలేదా అని అడిగింది.

"వచ్చారండీ" అంది టైలరమ్మ. "నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాలేదు."